చైనా దేశమున భారత వైద్యుడు – డాక్టరు ద్వారకానాథ్ కొట్నీసు జీవితము

రామరావణ యుద్ధమును వినని తెలుగువాడు లేడు. రాముని బాణములను, ఇంద్రజిత్తు మాయలను, హనుమంతుని లంఘనమును పసిపిల్లలు సహితము వర్ణింపగలరు. కాని లక్ష్మణుడు మూర్ఛిల్లి నేలకు ఒరిగినపుడు, ఆతని ముఖకాంతిని పరీక్షించి, ప్రాణము పోలేదని ధైర్యము చెప్పి, ఏ కొండపై ఏ ఓషధి దొరకునో తెలిపిన సుషేణుని పేరు ఎందరికి జ్ఞప్తియందుండును? సంజీవని తెచ్చినవాడు హనుమంతుడు. తెమ్మని చెప్పినవాడు సుషేణుడను వైద్యుడు. యుద్ధ కథలలో ఆయుధము పట్టినవానికే కీర్తి దక్కును. గాయము కడిగి కట్టు కట్టినవాడు మరుగుననే యుండిపోవును.

ఈ లోకరీతికి భిన్నముగా, ఒక్క తుపాకియైనను పేల్చక, పరదేశమున జరుగుచున్న యుద్ధములో క్షతగాత్రులకు చికిత్స చేసి, ఆ నేలయందే తనువు చాలించి, ఎనుబది యేండ్లు గడచిన పిమ్మట కూడ ఆ దేశ ప్రజలచే స్మరింపబడుచున్న భారతీయుడు ఒకడు కలడు. ఆయనయే డాక్టరు ద్వారకానాథ్ శాంతారాం కొట్నీసు. ఆయన జీవించినది ముప్పది రెండేండ్లు. చైనాలో గడపినది నాలుగేండ్ల మూడు నెలలు. ఇంత స్వల్పకాలమున ఇంతటి శాశ్వతమైన పేరు ఎట్లు సంపాదించెనో తెలిసికొనుట మన గ్రంథాలయ పాఠకులకు, ముఖ్యముగా విద్యార్థులకు, మేలు చేయును.

జననము – విద్యాభ్యాసము

కొట్నీసు 1910 అక్టోబరు 10వ తేదీన షోలాపూరు పట్టణమున జన్మించెను. షోలాపూరు దుప్పటి యెరుగని ఆంధ్ర గృహము అరుదు. ఆ పట్టణము మహారాష్ట్రమున నున్నను, తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీయులు వేలాది కుటుంబములుగా అచ్చట స్థిరపడి మగ్గము నేయుచుండుటచే, ఆ వీధులలో మరాఠీ కన్నడములతోపాటు తెలుగు కూడ వినిపించును. కావున కొట్నీసు మన భాషవాడు కాకపోయినను, మన భాష మారుమ్రోగు ఊరివాడే యని చెప్పవచ్చును.

తండ్రి శాంతారాం ఒక బట్టల మిల్లులో గుమాస్తా. ద్వారకానాథునకు ఇద్దరు సోదరులు, ఐదుగురు సోదరీమణులు. గుమాస్తా జీతముపై ఎనమండుగురు బిడ్డలను పెంచి చదివించుట ఎంతటి భారమో మన మధ్యతరగతి గృహస్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి యింట ఒక కుమారుడు వైద్యవిద్య చదువుచున్నాడన్నచో, ఇంటి ఆశలన్నియు వానిపైననే నిలిచియుండును.

ఈయన పుట్టిన తేదీని గూర్చి ఒక వింత కలదు. సరిగా ఒక సంవత్సరమునకు, అనగా 1911 అక్టోబరు 10వ తేదీన, చైనా దేశములోని వూచాంగు నగరమున విప్లవము చెలరేగెను. దాని ఫలితముగా వేలాది యేండ్ల చక్రవర్తుల పాలన అచ్చట అంతరించెను. ఇది కాకతాళీయమే యైనను, తరువాతి కథ తెలిసినవారికి మనసునకు తట్టక మానదు.

బాల్యమునుండియు ఆయన చుట్టును దేశోద్యమము రగులుచునే యుండెను. 1930లో ఉప్పు సత్యాగ్రహ కాలమున షోలాపూరు ప్రజలు తిరుగబడగా, ఆంగ్ల ప్రభుత్వము ఆ పట్టణమున సైనిక శాసనము విధించెను. 1931 జనవరి 12వ తేదీన ఆ ఊరివారు నలుగురిని ఎరవాడ చెరసాలలో ఉరితీసిరి. అప్పటికి కొట్నీసు ఇరువది యేండ్ల యువకుడు. సొంత ఊరి వీధులలో పరాయి సైనికులు తిరుగుట ఎట్లుండునో ఆయన యెరుగును. చైనీయుల దుఃఖము ఆయనకు సులభముగ అర్థమగుటకు ఇదియు ఒక కారణమై యుండును.

వైద్యవిద్యకై ఆయన బొంబాయిలోని సేఠ్ గోర్ధన్ దాస్ సుందర్ దాస్ వైద్యకళాశాలలో చేరెను. మన విశాఖపట్టణ వైద్యకళాశాల 1923లో వెలయగా, ఆ కళాశాల 1926లో వెలసెను. పట్టము పొందిన పిమ్మట ఉన్నత పరీక్షకు చదువుచుండగా చైనానుండి పిలుపు వచ్చెను.

చైనా పిలుపు

1937 జూలై 7వ తేదీన పెకింగు నగర సమీపమున ఒక వంతెనకడ జపాను సైన్యము చైనీయులతో కయ్యమునకు దిగెను. అది త్వరలోనే మహాయుద్ధమయ్యెను. ఆ డిసెంబరు నెలలో రాజధాని నాంకింగు పతనమై, నిరాయుధులైన పౌరులు అసంఖ్యాకముగ వధింపబడిరి. ఉత్తర చైనాలో పోరాడుచున్న ఎనిమిదవ మార్గ సైన్యమునకు ధైర్యము కొరవడలేదు గాని మందులు, వైద్యులు కొరవడిరి. ఆ సైన్యమునకు అధిపతియైన ఛూ తే సేనాని సహాయము కోరుచు జవాహర్‌లాల్ నెహ్రూ గారికి లేఖ వ్రాసెను.

1938లో కాంగ్రెసు అధ్యక్షులు సుభాస్ చంద్ర బోసు గారు. వారు దేశ ప్రజలనుండి విరాళములు వసూలు చేయించి, ఒక వైద్యబృందమును చైనాకు పంప నిశ్చయించిరి. భారతదేశమే అప్పటికి పరాధీనమై యుండెను. తానే బంధింపబడియున్నవాడు పొరుగువాని కట్లు విప్ప పూనుకొనుట వంటి కార్యమది. అయినను ఆకలి యెరిగినవాడే అన్నదానపు విలువ యెరుగును. రంతిదేవుడు నలువదియెనిమిది దినములు ఉపవసించి, తుదకు లభించిన ఆహారమును, మిగిలిన మంచినీటిని సైతము, యాచించి వచ్చినవారికే యిచ్చివేసెనని భాగవతము చెప్పుచున్నది. నాటి భారతదేశపు ఈ దానము ఆ జాతికి చెందినదే.

బృందమునకు ఐదుగురు వైద్యులు ఎన్నికైరి. నాయకుడు అలహాబాదు వాస్తవ్యుడు డాక్టరు మదన్ మోహన్‌లాల్ అటల్. ఆయన అంతకుముందే స్పెయిను దేశపు అంతర్యుద్ధమున వైద్యసేవ చేసినవాడు. ఉపనాయకుడు నాగపురపు వృద్ధ వైద్యుడు డాక్టరు మోరేశ్వర్ చోల్కర్. కలకత్తానుండి డాక్టరు విజయకుమార బసు, డాక్టరు దేబేశ్ ముఖర్జీ. ఐదవవాడు కొట్నీసు.

ఇరువది యెనిమిదేండ్లు నిండని కుమారుడు, ఇంటికి అక్కరకు వచ్చు సమయమున, బాంబులు కురియుచున్న దేశమునకు పోయెదననుచున్నాడు. తండ్రి వలదనలేదు. సమ్మతించి ఆశీర్వదించెను. ఈ కథలో మొదటి త్యాగము కొట్నీసుది కాదు, ఆయన తండ్రిది.

ప్రయాణము – తండ్రి మరణము

1938 సెప్టెంబరు 1వ తేదీన వైద్యబృందము రాజపుతానా అను ఓడపై బొంబాయి రేవు విడిచి, 17వ తేదీన కాంటను రేవు చేరెను. చైనా ప్రజాపిత సన్ యట్ సేన్ గారి సతీమణి సూంగ్ చింగ్ లింగ్ స్వయముగా వారిని ఆహ్వానించెను. అచ్చటినుండి హాంకౌ నగరమునకు పోయి పనిలో దిగిరి. కాని శత్రువులు సమీపించుచుండిరి. అక్టోబరు నెలలో కాంటను, హాంకౌ రెండును జపానువారి వశమయ్యెను. వైద్యులు యాంగ్‌ట్సీ నదిపై పడమరకు సాగి, తాత్కాలిక రాజధానియైన చుంగ్‌కింగు చేరవలసి వచ్చెను.

ఆ నగరముననే ఐదుగురికిని చైనా పేర్లు లభించెను. ప్రతి పేరు చివరను హువా అను శబ్దము చేర్పబడెను. ఆ శబ్దమునకు చైనా దేశమని అర్థము. కొట్నీసు పేరు కో తీ హువా అయ్యెను. అందరును ఆ దేశపు బంధువులైరని దాని భావము.

చైనా చేరిన కొలది మాసములకే పిడుగువంటి వార్త వచ్చెను. షోలాపూరులో తండ్రి మరణించెను. తిరిగి పోవలసినదని తోడి వైద్యులు సలహా యిచ్చిరి. అట్లు పోయినచో ఆయనను తప్పుపట్టువాడు ఒక్కడును ఉండడు. కుమారుని ధర్మము, శాస్త్రము, లోకాచారము, అన్నియు ఆయనను ఇంటికే పొమ్మనుచున్నవి. ఎదుట నున్నదో, గాయపడి మూల్గుచున్న అపరిచితుల గుంపు. వారిలో ఎవ్వరును ఆయనకు చుట్టము కాదు. ఆయన ఆ గుంపును ఎన్నుకొనెను. తండ్రి ఆశీర్వదించి పంపిన కార్యమును మధ్యలో విడిచి పోవుటకంటె, దానిని నెరవేర్చుటయే ఆ తండ్రికి చేయదగిన ఉత్తరక్రియ యని ఆయన తలచెనేమో.

పర్వత గుహలలో ఆసుపత్రి

1939 ఫిబ్రవరి 12వ తేదీన వారు యెనాన్ చేరిరి. అది పచ్చమట్టి కొండల నడుమ నున్న చిన్న పట్టణము. బాంబుల భయముచే ప్రజలు కొండచరియలలో గుహలు త్రవ్వుకొని నివసించుచుండిరి. కచేరీలు, పాఠశాలలు, ఆసుపత్రులు అన్నియు గుహలే. మావో త్సే టుంగ్ మొదలగు నాయకులు వారిని ఆదరించిరి. మన వైద్యులు ఆ గుహలలోని ఆసుపత్రియందు సుమారు తొమ్మిది నెలలు పనిచేసిరి. ముఖర్జీ, చోల్కర్ గార్లు అనారోగ్యాది కారణములచే 1939లోనే స్వదేశమునకు మరలిరి. మిగిలినవారు ముగ్గురు.

ఆ ముగ్గురును యుద్ధరంగమునకే పంపుమని కోరిరి. 1939 నవంబరులో యెనాన్ విడిచి, గుఱ్ఱములపైనను కాలినడకను కొండలు దాటుచు, శత్రువుల కాపలాలో నున్న రైలుమార్గములను రాత్రివేళ దాటుచు, డిసెంబరులో ఛూ తే సేనాని శిబిరమునకు చేరిరి. ఏ సేనాని లేఖవలన వారు స్వదేశము విడిచి వచ్చిరో ఆ సేనానినే వారచ్చట దర్శించిరి. అటుపిమ్మట అటల్ గారు వ్యాధిపీడితులై తిరిగి వెళ్ళిరి. బసు, కొట్నీసు ఇద్దరు మిగిలి మరింత ఉత్తరమునకు సాగిరి.

వారు పోవుచున్న ప్రాంతమున అంతకుముందు మరియొక పరదేశ వైద్యుడు ప్రాణమిచ్చియుండెను. ఆయన పేరు నార్మన్ బెతూన్, కెనడా దేశీయుడు. క్షతగాత్రుడు వైద్యుని వెదకికొని వచ్చువరకు ఆగరాదనియు, వైద్యుడే వానిని వెదకికొని పోవలెననియు ఆయన సిద్ధాంతము. దాని వెనుక గల కారణము ఇది. గుండు దెబ్బతో చచ్చువారికంటె, ఆ గాయమున మట్టి, గుడ్డపీలికలు చేరి, చీము పట్టి, విషము రక్తమున వ్యాపించి చచ్చువారు అధికులు. గాయము తగిలిన కొలది గంటలలో కుళ్ళిన కండను కోసి శుభ్రపరచినచో మనిషి బ్రతుకును. ఒకటి రెండు దినములు డోలీలో మోసికొని వచ్చినచో చచ్చును. పెన్సిలిన్ అప్పటికి వాడుకలోనికి రాలేదు. అందుచే బెతూన్ కత్తులు, కట్లు, మందులు కంచరగాడిదలపై నెక్కించుకొని యుద్ధరేఖ వెంబడి తిరుగుచుండెడివాడు. శస్త్రచికిత్స చేయుచుండగా తన వ్రేలు తెగి, అదే విషము తన రక్తమున ప్రవేశింపగా, 1939 నవంబరు 12వ తేదీన మరణించెను. ఇతరులను ఏ చావునుండి తప్పించుచుండెనో ఆ చావే ఆయనను కబళించెను.

1940 వేసవిలో కొట్నీసు, బసు ఆ ప్రాంతము చేరి బెతూన్ సమాధికి నమస్కరించిరి.

నూరు దళముల యుద్ధము

1940 ఆగస్టు 20వ తేదీన ఎనిమిదవ మార్గ సైన్యము నూరు దళముల దాడి యని ప్రసిద్ధిచెందిన మహా సంగ్రామమును ఆరంభించెను. కొట్నీసు, బసు వేర్వేరు చోట్ల యుద్ధభూమికి సమీపముననే శస్త్రచికిత్సా శిబిరములు నెలకొల్పిరి. ఒక ఘట్టమున పదుమూడు దినములలో ఎనిమిది వందలకు పైబడిన క్షతగాత్రులు కొట్నీసు శిబిరమునకు వచ్చిరనియు, ఒకసారి మూడహోరాత్రములు నిద్రలేక శస్త్రచికిత్సలు చేసెననియు చైనాలో చెప్పుకొందురు.

ఈ లెక్క చదువుట సులభము. కాని ఆ శిబిరమును ఒకమారు ఊహింపవలెను. రైతు యిల్లో, పాడుపడిన గుడియో ఆసుపత్రి. తలుపు రెక్కయే చికిత్స బల్ల. నూనె దీపమే వెలుగు. వాడిన కట్టుగుడ్డలనే ఉదికి, ఉడికించి, ఎండబెట్టి మరల వాడవలెను. మత్తుమందు ఎంత కలదో అంతవరకే. లేనినాడు రోగి పండ్లు బిగించి ఓర్వవలెను. శత్రువులు దారులన్నియు మూసివేయుటచే ఔషధములు వచ్చు మార్గము లేదు. అట్టిచోట వైద్యుని చేతికి చదువెంత అవసరమో ఓర్పును అంత అవసరము.

ఆ సంగ్రామము ముగిసిన పిమ్మట బసు గారు యెనాన్‌కు మరలిరి. వారు 1943లో భారతదేశము చేరిరి. తరువాత 1958-59లో మరల చైనాకు పోయి, సూదులు గ్రుచ్చి చికిత్స చేయు ఆ దేశపు పురాతన విధానమును నేర్చి, దానిని మన దేశమున ప్రచారము చేసిరి. ఐదుగురిలో ఆ కొండసీమయందు మిగిలినవాడు కొట్నీసు ఒక్కడే.

గురువు – గృహస్థు

1941 జనవరిలో బెతూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు కొట్నీసు అధిపతిగ నియమింపబడెను. పేరు ఘనమైనదే గాని, ఆ వైద్యశాల ఒక భవనము కాదు. హోపే రాష్ట్రములోని టాంగు తాలూకా గ్రామములలో రైతుల యిండ్లయందు వ్యాపించియున్న మంచముల సముదాయము. శత్రువులు దండెత్తి వచ్చినపుడెల్ల రోగులను, సామగ్రిని కొండలలోనికి తరలించి, వారు పోయిన పిమ్మట మరల తెచ్చుకొనుచుండిరి.

ఆయన చైనా భాషను పట్టుదలతో అభ్యసించెను. అక్షరమాల లేని ఆ భాషయందు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క బొమ్మవంటి లిపి. ముప్పదేండ్ల వయసున, పగలెల్ల పనిచేసి, రాత్రి దీపము ముందు ఆ బొమ్మలు దిద్దుకొనుచు, కొలది కాలములో విద్యార్థులకు ఆ భాషయందే పాఠము చెప్పగలిగెను. వైద్యుడొక్కడు దినమునకు ఎందరికి చికిత్స చేయగలడు? నలుగురికి నేర్పినచో ఆ నలుగురు నలువదిమందికి చేయుదురు. ఇది గ్రహించుటచే ఆయన శస్త్రచికిత్సను గూర్చి పాఠ్యగ్రంథములు వ్రాయ నారంభించెను.

బెతూన్ పేర వెలసిన వైద్య పాఠశాలలో క్వో చింగ్ లాన్ అను యువతి పరిచారికా విద్యను బోధించుచుండెను. బెతూన్ సమాధికడ జరిగిన సభయందే వారిరువురు మొదట కలిసికొనిరి. 1941 నవంబరులో వారి వివాహము జరిగెను. 1942 ఆగస్టు 23వ తేదీన కుమారుడు కలిగెను. ఆ బిడ్డకు యిన్ హువా అని పేరిడిరి. యిన్ అనగా భారతము, హువా అనగా చైనా. రెండు దేశములు ఒక శిశువు పేరులో ఏకమయ్యెను. ఆ సంవత్సరముననే కొట్నీసు అచ్చటి కమ్యూనిస్టు పక్షమున సభ్యుడయ్యెను.

మన విశాఖ తీరమును ఆ సంవత్సరము మరవరాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణ రేవుపై బాంబులు విడిచెను. కాకినాడపైనను విడిచెను. పట్టణవాసులు మూటాముల్లె కట్టుకొని పల్లెలకు పారిపోయిరి. 1941లో మన మల్కాపురము చెంత శంకుస్థాపన జరిగిన సింధియా ఓడల కర్మాగారము అప్పటికి పసికూన. ఆకాశమువంక చూచి గుండె అరచేత పట్టుకొనుట ఎట్లుండునో ఈ తీరవాసులు ఒకమారు చవిచూచిరి. చైనా ప్రజలు దానిని ఎనిమిదేండ్లు అనుభవించిరి. విశాఖపై బాంబులు పడిన ఆ సంవత్సరమున, అదే శత్రువు గాయపరచిన పేదలకు హోపే కొండలలో ఒక భారతీయుడు కట్లు కట్టుచుండెను. పరదేశమున చేసిన సేవ యని మనము చెప్పుకొనుచున్నాము గాని, ఆ దుఃఖము నిజముగ అంత దూరమైనది కాదు.

అస్తమయము

అంతలో ఆయన శరీరము సడలజొచ్చెను. తిండి చాలదు, నిద్ర లేదు. లోగడ కడుపులో బద్దెపురుగు చేరి బాధించెను. ఆ జాతి పురుగుల పిల్లలు రక్తమార్గమున మెదడునకు చేరినచో మూర్ఛవ్యాధి కలుగవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆయనకు మూర్ఛలు రాసాగెను. కారణము అదియే యై యుండునని పలువురి అభిప్రాయము. నేడైనచో ఇట్టి వ్యాధిని గుర్తించుటకు యంత్రములు, నివారించుటకు ఔషధములు కలవు. నాడు ఆ కొండలలో ఏమియు లేవు. ఆ ప్రాంతము విడిచి, మంచి చికిత్స లభించు చోటికి పొమ్మని మిత్రులు ప్రార్థించిరి. ఆయన అంగీకరింపలేదు. ఇతరుల వ్యాధిని ఇంత శ్రద్ధతో చూచిన వైద్యుడు తన వ్యాధిని మాత్రము లెక్కచేయలేదు. ఇది మెచ్చదగిన గుణమా, లేక లోపమా యని పాఠకులే విచారింపవలెను. ఆయన మరి ముప్పదేండ్లు జీవించియున్నచో ఎంత మేలు జరిగియుండునో కదా!

1942 డిసెంబరు 8వ తేదీ రాత్రి ఆయన శస్త్రచికిత్సా గ్రంథపు రెండవ భాగము వ్రాయుచుండగా మూర్ఛ వచ్చెను. ఒకదాని వెంట నొకటి వచ్చెను. 9వ తేదీ వేకువన, టాంగు తాలూకా కోకుంగు గ్రామమున, ఆయన కన్నుమూసెను. గ్రంథము సగములో నిలిచిపోయెను. కుమారునకు అప్పటికి సరిగా నూట యెనిమిది దినములు. మనము జపమాలకు ఎన్ని పూసలు గ్రుచ్చుదుమో అన్ని దినములు మాత్రమే ఆ తండ్రికి ఆ బిడ్డను ఎత్తుకొను భాగ్యము దక్కెను.

ఆయనను బెతూన్ చెంతనే సమాధి చేసిరి. మావో, ఛూ తే, సూంగ్ చింగ్ లింగ్ మొదలగువారు సంతాప సందేశములు వ్రాసిరి. తరువాత ఇరువురి అవశేషములను షి చియా చ్వాంగ్ నగరమున గల అమరవీరుల స్మశానవాటికకు తరలించిరి. కెనడావాడొకడు, భారతీయుడొకడు. పుట్టిన సముద్రములు వేరు, పరుండిన నేల ఒక్కటే.

కీర్తి – వెనుకనున్న శోకము

కొట్నీసు చరిత్రను ఖ్వాజా అహ్మద్ అబ్బాసు గారు ఆంగ్లమున గ్రంథముగ వ్రాసి 1944లో ప్రకటించిరి. దాని ఆధారముగ వి. శాంతారాం గారు 1946లో డాక్టర్ కొట్నీస్ కీ అమర్ కహానీ అను హిందీ చలనచిత్రము తీసి, తామే ఆ పాత్ర ధరించిరి. చైనాలో 1982లోను, భారతదేశమున 1993లోను ఆయన బొమ్మతో తపాలా బిళ్ళలు వెలువడెను. ఆయన జన్మించిన షోలాపూరు గృహము స్మారక మందిరమయ్యెను.

కీర్తి యెంత పెరిగినను ఇంటి శోకము తగ్గలేదు. యిన్ హువా తండ్రివలెనే వైద్యవిద్య నభ్యసించుచు 1967లో, ఇరువది యైదేండ్లు నిండకయే మరణించెను. భర్తను, కుమారుని పోగొట్టుకొన్న క్వో చింగ్ లాన్ దీర్ఘకాలము జీవించి, పలుమారులు భారతదేశమునకు వచ్చి, అత్తవారితో సంబంధము తెగనీయక, 2012లో దివంగతురాలయ్యెను. ఊర్మిళను తలచుకొనక రామాయణము పూర్తి కానట్లే, ఈమెను తలచుకొనక కొట్నీసు కథ పూర్తి కాదు.

1962లో భారత చైనా సైన్యములు హిమాలయములపై పోరాడెను. 2020లో గల్వాను లోయయందు మరల నెత్తురు చిందెను. ఇట్టి కష్టకాలములలోను ఆ సమాధిపై పూలు వాడలేదు. వసంతకాలమున పితరుల సమాధులను శుభ్రపరచు పండుగ చైనీయులకు కలదు. మన మహాలయ పక్షమువంటి దానినిగ దానిని తలచవచ్చును. ఆ దినమున కొట్నీసు సమాధికడకు పోయి నమస్కరించువారు నేటికిని కలరు. రాజ్యములు చేసికొన్న ఒడంబడికలు చెరిగిపోయిన చోటను, ఒక వైద్యుడు చేసిన ఉపకారము చెరగలేదు.

ఈ జీవితమునకు జమాఖర్చు వ్రాసి చూచినచో, ఖర్చు వైపున పెద్ద మొత్తములే కనబడును. తండ్రి అంత్యక్రియలకు అందని కుమారుడు, ఎదురుచూచిన తల్లి, ఏడాది కాపురమునకే విధవయైన భార్య, తండ్రి ముఖ మెరుగని బిడ్డ, ముగియని గ్రంథము. జమ వైపున వ్రాయదగినవి లెక్కకు అందనివి. ఆయన చేతిమీదుగ బ్రతికి ఇండ్లకు పోయినవారెందరో, వారి బిడ్డలెందరో, ఆయనవద్ద నేర్చిన వైద్యులు బ్రతికించినవారెందరో, ఏ చిట్టాయందును ఎక్కలేదు. అట్టి జమను చిత్రగుప్తుడే వ్రాయవలెను.

మన మల్కాపురమున నిలిచి చూచినచో యారాడ కొండ కనబడును, దాని కావల సముద్రము కలదు. ఆ సముద్రము కావలి దేశములలో నొకచోట, మన దేశపు బిడ్డ యొకడు నిద్రించుచున్నాడు. ఈ గ్రంథాలయమున చదువుకొని రేపు వైద్యులు, పరిచారికలు, ఉపాధ్యాయులు కాబోవు బాలబాలికలు ఆయనవలె దూరదేశములకు పోనక్కరలేదు. అర్ధరాత్రి తలుపు తట్టిన పొరుగువానికి లేచి దీపము వెలిగించినను చాలును. సుషేణుడు లంకలో చేసినదియు, కొట్నీసు చైనాలో చేసినదియు అదియే.